పాలబురదను తట్టుకునే డిస్కు

ఫోస్క తొనరెల్లికి మా చలువరాయి గనిలో పని, కొండకు ఫొటోలు తీయడం. వినేవాళ్ళకు అదేదో సరదా ఉద్యోగంలా తోస్తుంది. నాకు మాత్రం అది సరదాగా ఎప్పుడూ అనిపించలేదు. ఎందుకంటే ఆ కొండకు మోకు కట్టుకుని వేలాడేవాణ్ణి నేను. పలుగుతో వదులు రాళ్ళను పెకలించి కిందికి దొర్లించడం నా పని. కింద దిమ్మలు కోసేవాళ్ళ నెత్తిన అవి వాటంతట అవి పడకముందే నేను పడగొట్టాలి. మా నాన్న చేసిన పనీ అదే. పలుగుతో తట్టి, చప్పుడు విని, ఏ రాయి నిలుస్తుందో ఏది నిలవదో చెప్పగలను. కానీ కొండ లోపల నెర్రె ఎంత వేగంగా విచ్చుకుంటోందో పలుగు చెప్పదు. అది ఫోస్క చెప్పాలి.

ఆమె నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. అక్కా అనే పిలిచేవాణ్ణి. పొట్టి మనిషి, గొంతు మాత్రం రంపం ఆడుతున్నా వినపడుతుంది. ఇరవయ్యేళ్ళప్పుడు లారీల తూకం రాసుకునే ఉద్యోగంలో చేరింది. కొలతలు తీసే పని తనంతట తానే నేర్చుకుంది. గనికి డ్రోన్ వచ్చినప్పుడు మగవాళ్ళెవరూ దాని జోలికి పోలేదు, పడేస్తే జీతంలో కోస్తారని భయం. నలభై ఏడేళ్ళ వయసులో ఫోస్క పట్టుకుంది. మొదటి వారం రెండుసార్లు పడేసింది. తర్వాత ఎన్నడూ పడేయలేదు.

పద్ధతి ఇదీ. వారానికి ఒకసారి డ్రోన్ కొండ ముఖమంతా తిరిగి రెండు వేల ఫొటోలు తీస్తుంది. పైన గుడిసెలో ఉన్న కంప్యూటరు చాలా చిన్నది, వచ్చే వారానికి చోటు కావాలంటే ఈ వారానివి చెరిపేయాల్సిందే. అక్కడ ఫోనే పలకదు, ఇక ఇంటర్నెట్టు మాట దేవుడెరుగు. అందుకని ఫొటోలన్నీ జేబులో పట్టే డిస్కులోకి ఎక్కించి, జీపులో నలభై నిమిషాలు కొండ దిగి, కింద కరారా ఊళ్ళో ఉన్న ఆఫీసు కంప్యూటరుకు తగిలించాలి. అది పాత ఫొటోలతో పోల్చి, కొండ ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో చెబుతుంది.

గనిలో కొండను పెద్ద పెద్ద మెట్లుగా కోసుకుంటూ వస్తాం; వాటిలో ఏడో మెట్టు పైన ఒక నెర్రె ఉంది. రెండు కొసలూ పైకి తిరిగి ఉంటుంది కనుక మేం దాన్ని మీసం అనేవాళ్ళం. ఆ చలికాలం మీసం కదులుతోందని ఫోస్కకు అనుమానం వచ్చింది. వారానికీ వారానికీ తేడా అందనంత చిన్నది, అక్టోబరు ఫొటోలనూ మార్చి ఫొటోలనూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్లో, జీపు తలుపు తెరవగానే సంచి జారింది. మోకాలెత్తు నుంచి రాయి మీద పడింది, అంతే. ఆ డిస్కులో తిరిగే పళ్ళెం ఉండేది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కు టిక్కుమంది.

"పోతే పోయింది, ఆఫీసు కంప్యూటరులో ఉంటాయిగా అక్కా," అన్నాను.

"లేవు. ఫిబ్రవరి నుంచి లోరియానా ఎప్పటికప్పుడు చెరిపిస్తోంది. చోటు చాలట్లేదంట. 'పాతవన్నీ నీ డిస్కులో ఉన్నాయిగా' అంది. రెండో డిస్కు ఇప్పించమ్మా అని మూడేళ్ళుగా మొత్తుకుంటున్నాను, లిబెరో. మూడేళ్ళు!"

లోరియానా కింద ఆఫీసులో కొనుగోళ్ళు చూసే మనిషి. చెడ్డది కాదు. కంపెనీ పెట్టిన నియమం ఆమెకు వేదం: ఏది కొన్నా మూడు ధరలు తెప్పించాలి, అందులో తక్కువది కొనాలి. మేకుల పెట్టెకూ అదే, డిస్కుకూ అదే.

ఫోస్క ఈసారి కాగితం మీద రాసి ఇచ్చింది: కిందపడితే పగలకూడదు, నీళ్ళకూ దుమ్ముకూ తట్టుకోవాలి, లోపల తిరిగే భాగాలు ఉండకూడదు. పది రోజులకు వచ్చింది. నారింజరంగు రబ్బరు తొడుగు, పెట్టె మీద మంచుకొండ, దాని పక్కన ఎగిసిపడే నీళ్ళు. నాలుగు టెరాబైట్లు అని పెద్ద అక్షరాలు. మొదటి వారం బాగానే పనిచేసింది. రెండో వారం ఆఫీసులో తగిలిస్తే ఫొటోల పేర్లన్నీ వరసగా కనిపించాయి, ఏది తెరిచినా బూడిదరంగు పలక. పైన గుడిసెలో అసలువి అప్పటికే చెరిపేసింది.

ఆమె అక్కడే స్క్రూడ్రైవరు పెట్టి రబ్బరు ఊడబెరికింది. లోపల ఫోనుల్లో పెట్టుకునే గోరంత మెమరీ కార్డు ఒకటి జిగురుతో అంటించి ఉంది. దాని పక్కన, బరువు కోసం, ఒక ఇనప నట్టు.

ఆ నట్టును తీసుకెళ్ళి లోరియానా బల్ల మీద పెట్టింది.

"ఇదిగో, నీ నాలుగు టెరాబైట్లు."

"మూడు ధరల్లో ఇదే తక్కువ, ఫోస్కా. నేనేం చేసేది?"

"తక్కువ కాక? లోపల ఏమీ లేనప్పుడు ఎక్కువ ఎందుకవుతుంది?"

మూడోది అసలైనదే వచ్చింది, పేరున్న కంపెనీది. పొట్టిగా, బరువుగా, తాడు పెట్టుకోవడానికి చిన్న కంతతో. కేబుల్ తగిలించే రంధ్రానికి రబ్బరు మూత ఉంది. పందొమ్మిది రోజులు చక్కగా నడిచింది. మా గనిలో వైరు రంపానికి నీళ్ళు పోస్తూ కోస్తారు. ఆ నీళ్ళూ రాతిపొడీ కలిసి పాలలాంటి బురదై, మెట్లన్నిటి మీదా పారుతూ ఉంటుంది. చేతులకూ బూట్లకూ రొట్టెకూ అంటుకుంటుంది. ఆరిందా, పలుగుకు కూడా రాదు. ఫోస్క చేతికి తొడుగులున్నాయి. వాటితో ఆ మూతను గట్టిగా నొక్కలేకపోయింది. ఆఫీసుకు చేరేసరికి రంధ్రమంతా తెల్లగా గట్టిపడి ఉంది. సూదితో గీకింది. లోపలి పిన్నులు విరిగాయి.

డిస్కులో ఫొటోలు భద్రంగానే ఉన్నాయి, కాని దానికి తగిలించే దారే లేదు. ఆఫీసులో చెరపనివ్వడం మానేసింది కనుక ఈసారి పోయింది ఒక్క వారమే. ఆ వారంలో నాలుగు రోజులు ఎడతెగని వాన. వాన వెలిశాక మీసం ఎలా ఉందన్నదే ఆమెకు కావలసింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరం రాతి నీడన కూర్చున్నాం. ఆమె రొట్టె మీద పందికొవ్వు పలచగా కోసి పరుచుకుంది, పక్కన పచ్చి టమాటా. తినలేదు. రొట్టెను అలా చేత్తో పట్టుకునే ఉంది.

"తప్పు నాదే, మూత సరిగ్గా వెయ్యలేదు," అంది. "నా తప్పు అనుకుంటేనే ఇంకా కోపం వస్తోంది. తొడుగులు వేసుకున్న చేత్తో మూత వెయ్యాలని దీన్ని చేసినవాడెవడికీ తట్టలేదా? నీళ్ళకు తట్టుకుంటుందని రాశాడు. ఏ నీళ్ళకు? ఈతకొలను నీళ్ళకా?" నా వంక తిరిగింది. "నీ మోకు ఎవరు కొంటారు?"

"నేనే. ఇంకెవర్నీ కొననివ్వను."

"లోరియానా ఒప్పుకుందా?"

"అడగలేదు."

ఆమె రొట్టె కొరికింది. "శనివారం కారు తీస్తావా?"

అలా దగ్గర్లోని సర్జానా ఊళ్ళో ఎల్వేజియో కొట్టుకు వెళ్ళాం. అరవై దాటిన మనిషి. కెమెరాలూ రేడియోలూ అమ్ముతాడు, ఆదివారాలు పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాడు. ఫోస్క సంచిలోంచి నిమ్మసోడా సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నది మా గని బురద.

"ఇదేంటమ్మా, పాలా?"

"దీనికి తట్టుకునేది కావాలి."

అతను నాలుగు రకాలు వరసగా పెట్టాడు. పెట్టెల మీది అంకెలు చూపించి, "మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్ళకు," అని చెప్పాడు. "దుమ్ముకు ఆరుంటే చాలు, దానికి మించి లేదు. నీళ్ళకు ఐదంటే గొట్టంతో కొట్టినా ఫరవాలేదు. ఏడంటే అరగంట ముంచొచ్చు."

"మూత వేసినప్పుడా, తీసినప్పుడా?"

ఎల్వేజియో కళ్ళజోడు పైకెత్తి చిన్న అక్షరాలు చదివాడు. చాలాసేపు చదివాడు. "వేసినప్పుడు," అన్నాడు చివరికి. నాలుగింట్లో మూతలున్న రెండు పెట్టెలనూ ఆమె మోచేత్తో పక్కకు జరిపేసింది.

"కిందపడితే?"

"ఇది రెండు మీటర్లు, అది మూడు. ఇందులో తిరిగేదేమీ లేదు కాబట్టి..."

"ఏ నేల మీద?"

"ఆ సంగతి రాయలేదమ్మా."

ఆమె ఒకదాన్ని తీసి భుజం దాకా ఎత్తింది. అతను బల్ల ఇవతలికి పరుగెత్తుకొచ్చాడు. "ఆగు తల్లీ! కొన్నాక పడేసుకో!"

"కొన్నాక పగిలితే నాకేం లాభం? పగలదని మీరే కదా అంటున్నారు!"

నేను మొహం తిప్పుకుని నవ్వు ఆపుకున్నాను. ఎల్వేజియో ఆమెను ఎగాదిగా చూశాడు, ఆ సీసాను చూశాడు, లోపలి గదిలోకి వెళ్ళి తను వాడే డిస్కు పట్టుకొచ్చాడు. ఆ మిగిలిన రెండింట్లో ఒకదాని జాతిదే. గీతలు పడి, మూల నొక్కుకుపోయి ఉంది. దానికి మూతే లేదు, కేబుల్ రంధ్రంలోకి నీళ్ళు పోయినా డిస్కు లోపలికి దిగకుండా తయారైంది. "పెళ్ళిళ్ళలో దీని మీద వైను పడింది, కేకు పడింది, ఒక పెళ్ళికొడుకు పడ్డాడు," అన్నాడు. "మొన్నటి పెళ్ళి వీడియో వేరేచోట దాచుకున్నాను. కానివ్వు."

ఆమె దాన్ని రాతిపలకల నేల మీద మూడుసార్లు వదిలింది. గిన్నెలో బురద పోసి ముంచింది. ఎండలో, తలుపు ముందు మెట్టు మీద, గట్టిపడేదాకా ఆరబెట్టింది. ఆ గంటన్నరా కొట్టుకు ఇంకెవరు వచ్చినా మమ్మల్ని దాటుకునే లోపలికి వెళ్ళారు. తర్వాత కుళాయి కింద కడిగి, పాత పళ్ళబ్రష్షుతో రంధ్రం తోమి, నోటితో ఊది తగిలించింది. వెంటనే రాలేదు. కేబుల్ మార్చి చూస్తే వచ్చింది.

"చూశావా, చచ్చేది ఎక్కువగా కేబులే," అన్నాడు ఎల్వేజియో. "ఊడదీసి మార్చుకునే కేబుల్ ఉన్నదే కొనుక్కో, నాలుగు కేబుళ్ళు అదనంగా ఉంచుకో. ఇంకో మాట, ఇది నిదానం. ఆ రెండోది దీనికి రెండింతల వేగం."

"వేగం నాకెందుకు? కొండ దిగడానికే నలభై నిమిషాలు."

పెద్దది ఒకటి తీసుకోమంటే వద్దంది. చిన్నవి రెండు తీసుకుంది, రెండూ ఎర్రవి, తెల్ల బురదలో పడ్డా కనిపించడానికి. బయటికి రాగానే ఒకటి నా చేతిలో పెట్టింది. "రెంటిలోనూ అవే ఫొటోలు. ఒకటి నేను తెస్తాను, ఒకటి నువ్వు. ఇద్దరం ఒకే జీపులో దిగొద్దు."

సోమవారం లోరియానా ఆ బిల్లు తీసుకోలేదు. మూడు ధరలు లేవట.

డిస్కులు మాత్రం మాట నిలబెట్టుకున్నాయి. ఒక్క ఫొటో పోలేదు. జూలై ఆఖరుకు లెక్క తేలింది: మే నుంచి మీసం ఆరు మిల్లీమీటర్లు విచ్చుకుంది. ఫోస్క ఆ కాగితం పట్టుకుని గని మేనేజరు రెంజో మూసెత్తి దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

రెంజో కాగితం చూసి తన పైపెదవి నిమురుకున్నాడు. "ఆరు మిల్లీమీటర్లా? నా మీసం వారంలో అంతకంటే పెరుగుతుంది."

"మీ మీసం కింద పదకొండు మంది పనిచెయ్యట్లేదు."

"వేసవి వేడికి రాయి ఆ మాత్రం కదలదా? చలికాలంలో ఎంత కదిలింది? అక్టోబరు నుంచి చెప్పు. ఏడాది పొడుగునా ఇలాగే తెరుచుకుంటోందంటే ఇప్పుడే ఆపేస్తాను."

ఫోస్క కాగితాన్ని తన వైపు లాక్కుంది. మెడ దాకా ఎర్రబడింది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసమే ఆమె నాలుగు నెలలుగా తిరుగుతోంది.

"చెప్పలేను. ఆ ఫొటోలు లేవు."

"లేకపోతే నేను దేన్ని చూసి మెట్టు ఆపాలి?"

అప్పుడు నేను కల్పించుకున్నాను. "రెంజోగారూ, మీరు ఆపకండి. నేను మాత్రం మీసం దగ్గర మోకు కట్టను. నేను పైన రాళ్ళు దులపందే కింద ఎవరూ కోయకూడదని రాసింది మీరే."

"బెదిరిస్తున్నావేంట్రా లిబెరో?"

"లేదండీ. పలుగు పక్కన పెడుతున్నాను, అంతే."

మోకు పని చేసే మిగతా ఇద్దరూ సాయంత్రానికి నాతోపాటే పలుగులు దింపారు. మర్నాడు రెంజో ఏడో మెట్టు మూయించాడు, మమ్మల్ని తిట్టుకుంటూనే. పదకొండు రోజులు పట్టింది. కొండలోకి పొడవాటి ఉక్కు కడ్డీలు పందొమ్మిది దించి బిగించారు. మూడో కంత తొలుస్తుంటే బరమా ఉన్నట్టుండి ఖాళీలోకి దూసుకుపోయింది. మీసం వెనక చెయ్యి దూరేంత సందు, దాని గోడలకంతా తడి ఎర్రమట్టి. రెంజో టార్చి వేసి చూసి వెళ్ళిపోయాడు. పన్నెండో రోజు రంపాలు మళ్ళీ మొదలయ్యాయి.

ఆ కడ్డీలు లేకుంటే అది పడేదో లేదో ఎవరికీ తెలియదు. పడలేదు కాబట్టి ఎవరూ అడగలేదు కూడా. ఫోస్కను మెచ్చుకున్న వాళ్ళు లేరు. సెప్టెంబరులో కంపెనీ తన మిగతా మూడు గనులకూ డిస్కులు కొంది. ఆఫీసు బల్ల మీద పది పెట్టెలు పేర్చి ఉంటే ఫోస్క దగ్గరికెళ్ళి చూసింది. పెట్టె మీద మంచుకొండ, ఎగిసిపడే నీళ్ళు.

"ఈసారి వేరే అమ్మకందారు," అంది లోరియానా ఆమె మొహం చూసి. "మూడు ధరలూ తెప్పించాను."

ఫోస్క అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఒక పెట్టె విప్పి, రబ్బరు ఊడబెరికి, లోపలిది లోరియానాకు చూపించి, రెండో పెట్టె అందుకుంది. అలా వరసగా పదీ విప్పింది. లోరియానా ఆపలేదు. మూడో దాని దగ్గర్నుంచి తనూ ఒక స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చుంది.

జీపు దగ్గరికి నడుస్తూ, పోనీలే అక్కా, ఇకనైనా బుద్ధి తెచ్చుకుంటారు, అన్నాను.

"వాళ్ళ సంగతి కాదురా," అంది. "ఆ చలికాలమంతా నువ్వు దాని ముందు వేలాడావు. నేను కింద నిలబడి డ్రోన్ ఎగరేస్తూనే ఉన్నాను. అది అప్పుడే తెరుచుకుంటోందా లేదా అన్నది, ఈ జన్మలో ఇక తెలీదు నాకు."

జీపెక్కి తలుపు గట్టిగా వేసుకుంది. రెండో డిస్కు నా జేబులో ఉంది, అందుకని నేను వెనక వచ్చే జీపు కోసం ఆగాను.