ఎందుకయ్య ఓడ టిక్కెట్టు కొన్నాడు

పెదనాన్నకు ధర చెబితే కోపం రాదు. ఆ ధర ఎందుకో చెప్పకపోతే వస్తుంది. వచ్చిందంటే ఇక పట్టపగ్గాలుండవు. ఎదురుగా ఉన్నది కూరగాయలవాడా, బ్యాంకు మేనేజరా అని చూడడు. "ఎందుకయ్యా?" అని మొదలుపెడతాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని ఎందుకయ్య అంటుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, కావాలంటే కరెంటు బిల్లు మీద చూసుకోవాలి.

ఒకసారి ఫోన్‌లో సినిమా టిక్కెట్టు కొంటే, ధర కింద సౌకర్య రుసుమని ఇంకొంత కనబడింది. సౌకర్యం ఎవరికి? ఫోను నాది, కరెంటు నాది, నొక్కిన వేలు నాది, టిక్కెట్లు చింపే మనిషి జీతం మిగుల్చుకున్నది మీరు, మరి రుసుము నేనెందుకు కట్టాలని హాలు మేనేజరు గదిలో కూర్చుని వాదించాడు. వాదన తేలేసరికి సినిమా అయిపోయింది. బయటికొస్తున్న జనంలో కలిసిపోయి, ఎలా ఉందని అడిగినవాళ్ళకు బాగుందనే చెప్పాడు.

పంటి డాక్టరు దగ్గర మరో తంటా. పన్ను పీకడానికి ఒక ధర, నోరు చూడటానికి ఒక ధర అన్నారు. చూడకుండా పీకుతారా మరి? ఆ మాట అడగాల్సింది సూది వేయకముందు. పెదనాన్నకు గుర్తొచ్చింది పన్ను ఊడాక. సగం నోరు తిమ్మిరెక్కి, మాట ముద్దముద్దగా వస్తున్నా పోట్లాట మానలేదు. ఒక్క ముక్కా అర్థంకాక డాక్టరు పాపం అన్నింటికీ తలూపాడు. తనే గెలిచానని పెదనాన్న ఈరోజుకీ చెప్పుకుంటాడు.

ఆయన వృత్తి అలాంటిది. త్రాసులు, కాటాలు బాగుచేస్తాడు. దుకాణంలో పది రకాల పళ్ళేలు, సంచినిండా తూకపు రాళ్ళు, నూనె గుడ్డల వాసన. పాడైన కాటా ఏది వచ్చినా ఆయన ముందు చూసేది ఒకటే: పళ్ళెం ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద నిలబడుతోందా లేదా. నిలబడకపోతే అది దొంగ కాటా. మనుషుల్నీ, కంపెనీలనీ ఆయన అదే పరీక్షకు పెడతాడు, పాసయ్యేవాళ్ళు తక్కువ.

ఆయన తమ్ముడి కూతురు ఇందుకు పూర్తిగా ఎదురు. ఎవరేం చెప్పినా సరేనండి, ఎవరేం అడిగినా కనుక్కుని చెబుతానండి. ఈ రెండు మాటల పెట్టుబడితో ఆ అమ్మాయి రెండు వీధుల అవతల ఉన్న ట్రావెల్ ఆఫీసులో ఉద్యోగానికి చేరింది. విహార నౌకల్లో గదులు బుక్ చేసే పని. ఆఫీసంటే మూడు బల్లలు, గోడమీద నీలి సముద్రం బొమ్మ, ఎప్పుడూ ఓనరు వైపే తిరిగి ఉండే ఒక టేబుల్ ఫ్యాను.

పని చెప్పినవాళ్ళు లేరు. కంపెనీ నియమాల కట్ట ఒకటి చేతిలో పెట్టి చదువుకోమన్నారు. చదివితే అర్థంకాలేదు, అర్థంకానిది ఓనరును అడగాలంటే భయం. ఫోను మోగితే చాలు అమ్మాయి నియమాల కట్ట తడుముకునేది. టిప్పులు ధరలో కలిసే ఉన్నాయా అని ఒకాయన అడిగితే కనుక్కుని చెబుతానండి అంది. కనుక్కునేలోపు ఆయన పక్క ఆఫీసులో కొనుక్కున్నాడు. ఇలా నలుగురు జారిపోయాక ఓనరు పిలిచి, నెలాఖరుదాకా చూస్తాను, అప్పటికీ నోరు పెగలకపోతే ఇంకెక్కడైనా చూసుకో అని చెప్పేశాడు. ఇంట్లో నాన్న పని మానేసి ఏడాదవుతోంది. అమ్మాయి జీతమే ఆ ఇంటికి ఆధారం.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, సరిగ్గా ఆ మర్నాడే పెదనాన్న ఆఫీసు మెట్లెక్కాడు. చేతులకు నూనె మరకలు తుడుచుకుంటూ కుర్చీ లాక్కుని కూర్చుని, నేనూ మీ పెద్దమ్మా ఓడ ఎక్కుదామనుకుంటున్నాం, ధర చెప్పమన్నాడు. అమ్మాయి పైప్రాణాలు పైనే పోయాయి. చెప్పింది. ధర కింద చిన్న అక్షరాల్లో ఉన్నదేమిటని అడిగాడు. మనిషికి రోజుకింత చొప్పున సిబ్బందికి టిప్పు అని గొణిగింది.

"టిప్పా? నేనింకా ఓడే ఎక్కలేదు. వాడు నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఖాళీ పళ్ళెంలో ముల్లు బరువు చూపిస్తోందమ్మా. ఎందుకు?"

"కనుక్కుని చెబుతాను పెదనాన్నా."

"కనుక్కో. రేపొస్తా."

వచ్చాడు. అమ్మాయి రాత్రంతా నియమాల కట్ట తిరగేసి, పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేసి, అరగంట వాళ్ళ సంగీతం విని, సంగతి లాగింది. ఆ టిప్పు కళ్ళకు కనబడే వడ్డించేవాడికొక్కడికే కాదు, అడుగు అంతస్తులో దుప్పట్లు ఉతికేవాళ్ళకీ, గిన్నెలు తోమేవాళ్ళకీ పంచుతారు. ముందే కట్టొచ్చు, లేదా ఓడలో రోజూ గది ఖాతాలో రాస్తారు. ముందే కడితే తర్వాత రేటు పెరిగినా మనకు పెరగదు. ఇదంతా చెబితే పెదనాన్న శాంతించాలి కదా. శాంతించలేదు. అంటే గిన్నెలు తోమేవాడికి జీతం నేనివ్వాలా, ఓడ ఓనరు ఏం చేస్తున్నాడు, వాడి మీసాలు దువ్వుకుంటున్నాడా అని బల్ల చరిచాడు. పక్క బల్లమీద టీ తొణికింది. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు జవాబు నియమాల కట్టలోనూ లేదు.

తర్వాత పానీయాల ప్యాకేజీ. ముందుగా కొనుక్కుంటే ఓడలో ఉన్నన్నాళ్ళూ ఎంత తాగినా మళ్ళీ అడగరు. పెదనాన్నకు పళ్ళరసాలంటే ప్రాణం, పెద్దమ్మ వేడినీళ్ళు తప్ప తాగదు. కాబట్టి ఒకటే ఇమ్మన్నాడు. ఒకే గదిలో ఉండే పెద్దవాళ్ళలో ఒకరు కొంటే రెండోవాళ్ళూ కొనాల్సిందేనంది అమ్మాయి. పెదనాన్న లేచి నిలబడ్డాడు.

"వేడినీళ్ళు తాగినందుకు మీ పెద్దమ్మ పళ్ళరసాల డబ్బు కట్టాలా? రేపు నాకు గడ్డం గీస్తే ఆవిడకీ గీసినట్టు లెక్క రాస్తారా?"

ఓనరు ఫ్యాను వెనకనుంచి తలెత్తాడు. క్యూలో కూర్చున్న ఇద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అమ్మాయికి ముందు సిగ్గేసింది. ఆ తర్వాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కోపమొచ్చింది. నియమం తను పెట్టిందా? ఓడ తనదా? ఇంతమందిలో పరువు తియ్యడమేమిటి?

"కూర్చోండి పెదనాన్నా," అంది. ఆ గొంతు ఎవరిదా అని ఆఫీసంతా చూసింది. "మీరొక్కటే కొని, ఒక గ్లాసు మీకు, ఒక గ్లాసు పెద్దమ్మకు తెస్తారని వాళ్ళ భయం. తెస్తారా తేరా?"

పెదనాన్న ఆలోచించాడు. "తెస్తాను."

"అందుకే ఆ నియమం. పైగా ఆ ప్యాకేజీ ధర మీద మళ్ళీ సేవా రుసుముంటుంది. మీ ఇద్దరికీ అది దండగ. విడివిడిగా కొనుక్కోండి, రోజుకు రెండు గ్లాసులు దాటకపోతే మీకే లాభం."

"టిప్పు మీద టిప్పా," అంటూ పెదనాన్న మళ్ళీ లేవబోయి, అమ్మాయి మొహం చూసి కూర్చున్నాడు.

అక్కడినుంచి రోజుకో రణం. ఒక్కడే వెళితే రెండో మంచానికి కూడా కట్టాలంటే, దానిమీద ఎవరు పడుకుంటారో చెప్పు, పరిచయం చేసుకుంటానన్నాడు. పాస్‌పోర్టులో ఉన్నట్టే టిక్కెట్టులో పేరుండాలంటే, ఇన్నేళ్ళుగా ఎవరూ పిలవని పేరు ఓడవాడికెందుకన్నాడు. ప్రయాణం దగ్గరపడేకొద్దీ రద్దు చేసుకుంటే కోత పెరుగుతుందంటే, జ్వరం చెప్పి వస్తుందా అన్నాడు. దేనికైనా అమ్మాయి దగ్గర జవాబుండేది, లేకపోతే మర్నాటికల్లా సంపాదించేది. ఆయన్ని ఓడించాలన్న కసితో నియమాల కట్ట నమిలి మింగేసింది. ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని కూడా, ఆయన దేనిమీద పడతాడోనని లోలోపల తిట్టుకుంటూనే ఉండేది.

చివరికి ఓనరుకు విసుగొచ్చింది. ఈ పెద్దాయన కొంటాడా, ఊరికే కాలక్షేపానికొస్తున్నాడా, కొనకపోతే రేపటినుంచి మెట్లెక్కనివ్వకు అన్నాడు. అమ్మాయి ఆ మాటే మెత్తగా చేసి చెప్పింది. పెదనాన్న జేబులోంచి డబ్బు తీసి అడ్వాన్సు బల్లమీద పెట్టాడు. ఇది తిరిగి రాదు పెదనాన్నా, ఎక్కినా ఎక్కకపోయినా రాదు, మళ్ళీ గొడవ చెయ్యకండి అని రెండుసార్లు చెప్పింది. విచిత్రం, ఆయన ఎందుకని అడగలేదు. రసీదు మడిచి జేబులో పెట్టుకుని, ప్రశ్నలింకా మిగిలే ఉన్నాయి, రేపొస్తానన్నాడు.

నెలాఖరు వచ్చింది. ఆ పొద్దున ఓనరు పన్ను పీకించుకుని, బుగ్గ పూరీలా ఉబ్బించుకుని, నోరు తిమ్మిరితో కుర్చీలో కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ లోపలికొచ్చింది. పొద్దున్నే నడిచేవాళ్ళ సంఘానికి ఆవిడ అధ్యక్షురాలు. ఇరవైనాలుగు మంది, పన్నెండు గదులు. అంత పెద్ద బేరం ఆ ఆఫీసు ఎన్నడూ చూడలేదు. ఓనరు లేచి ఏదో అన్నాడు. నోట్లోంచి గాలి తప్ప మాట రాలేదు. ఇక దిక్కులేక అమ్మాయి వైపు చెయ్యి చూపించాడు.

అమ్మాయి భయంభయంగా ధరల కాగితం ఆవిడ ముందు పెట్టింది. హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు సవరించుకుని, ధర కింద ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి అడిగింది.

"ఓడ ఎక్కకముందే టిప్పు ఎందుకు?"

ఆ 'ఎందుకు' చెవిన పడగానే అమ్మాయికి భయం ఎటుపోయిందో పోయింది. నడుం బిగించి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"కూర్చోండి పెదనాన్నా, చెబుతాను."

"ఏమన్నావు?"

"కూర్చోండి మేడమ్, చెబుతాను."

ఇక ఆగలేదు. దుప్పట్లు ఉతికేవాళ్ళనుంచి రెండో మంచందాకా అన్నీ చెప్పింది. మీ సంఘంలో వేడినీళ్ళు తాగేవాళ్ళను, పళ్ళరసాలు తాగేవాళ్ళను వేరువేరు గదుల్లో పెట్టుకుంటే చాలా మిగులుతుందని ఉపాయం కూడా చెప్పింది. రద్దు నియమాలను ఆవిడ అడగకముందే చెప్పింది. హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి, ఇంతకుముందు మూడు ఆఫీసులు తిరిగానమ్మా, అందరూ ఓడలో ఈతకొలను ఎంత పొడవో చెప్పారుగానీ ఇది ఎవరూ చెప్పలేదంది. పన్నెండు గదులకూ అక్కడే అడ్వాన్సు కట్టింది. ఓనరు నోరు తెరవలేక, లేచొచ్చి టేబుల్ ఫ్యానును అమ్మాయి వైపు తిప్పిపెట్టాడు.

ఆ సాయంత్రమే పెద్దమ్మ తమ పాస్‌పోర్టులు ఇవ్వడానికి వచ్చింది. అమ్మాయి సంబరంగా, పెదనాన్నకు ఓడంటే ఎంత సరదానో కదా అంది. పెద్దమ్మ నోరు నొక్కుకుని నవ్వింది.

"ఆయనకా? పార్కులో తొక్కుడు పడవెక్కి, ఒడ్డు కనబడుతుండగానే కక్కుకున్న మనిషమ్మా. మీ నాన్న వచ్చి, అమ్మాయికి నోరు పెగలట్లేదు, ఉద్యోగం ఊడేలా ఉందని దిగులుపడ్డాడు. 'నేర్పితే అది ఇంకా బిగుసుకుపోతుంది. దానికి నామీద కోపం రావాలి, నోరు దానంతటదే వస్తుంది' అన్నాడు మీ పెదనాన్న. రోజూ అన్నం తింటూ నా ప్రాణం తీసేవాడు, రేపు దేనిమీద పోట్లాడమంటావే అని. ఆ రెండో మంచం ప్రశ్న నాదే."

అమ్మాయికి ఏడుపు రావాలి. కోపమొచ్చింది. తిన్నగా కాటాల దుకాణానికి వెళ్ళి, తిరిగిరాదని తెలిసి తెలిసి అడ్వాన్సు ఎందుకు కట్టారని నిలదీసింది. పెదనాన్న ఖాళీ పళ్ళెం మీదికి వంగి, ముల్లు సున్నాకొస్తోంది, గాలి కదుపుతావు, మాట్లాడకు అన్నాడు. ముల్లు ఎప్పుడో సున్నాకొచ్చి నిలబడే ఉంది.

కట్టిన డబ్బు వదులుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. వాంతి మాత్రల డబ్బా జేబులో వేసుకుని, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఓడెక్కాడు. మూడోరోజు ఆఫీసుకు ఫోనొచ్చింది. గొంతు విని అమ్మాయి హడలిపోయింది, ఒంట్లో ఎలా ఉందని అడిగింది. ఒంటి సంగతి తర్వాత, ముందు ఇది విను అన్నాడు. గది తుడిచే కుర్రాడు తెల్లారకముందే లేస్తాడట. రాత్రి పెదనాన్న కక్కిందంతా కిక్కురుమనకుండా కడిగాడట. పైగా తువ్వాలుతో కోతిని చేసి మంచం మీద కూర్చోబెట్టి వెళ్ళాడట.

"ఇంత చాకిరీకి రోజుకు ఆ కాస్త టిప్పేనా? ఈ తూకం వేసినవాడెవడు?"

"కౌంటరులో చెబితే పెంచుతారు పెదనాన్నా. అయినా అసలు కట్టనే కట్టనని ఇక్కడ బల్ల చరిచింది మీరే కదా, ఇప్పుడు పెంచడం ఎందుకు?"

అవతల వాంతి మాత్రల డబ్బా గలగలలాడింది.

"అన్నింటికీ ఎందుకు, ఎందుకు అంటే ఎలాగమ్మా," అన్నాడు పెదనాన్న. "ఇదిగో, ఈ ఫోనుకు నిమిషానికింతని బోర్డు పెట్టారిక్కడ. ఎందుకో ఏమిటో, కనుక్కుని చెబుతాను."