విరామంలో దొంగ కథ

ఆ సాయంత్రం ములకలపల్లి మైదానంలో మా వైపు ఉన్నది ఒక నిమ్మకాయ నీళ్ల బిందె, తొమ్మిది మంది ఖోఖో పిల్లలు, వాళ్లకు ఆట నేర్పే నేను. మండల ఫైనల్లో సగం ఆటకే రెండు పాయింట్లు వెనకబడ్డాం. దిగాలుపడ్డ పిల్లలకు ఎప్పటిలాగే ఏడుగురు రాకుమారుల కథ మొదలుపెట్టాను.

"గా రాజుల కథలు మా అవ్వ చెప్తది సార్. టీవీ సీరియల్ లెక్క చెప్పుండ్రి," అంది కెప్టెన్.

అప్పటికప్పుడు ఒకటి అల్లాను. దొంగ చీకటి గదిలోకి దూరాడు, వెనక తలుపు మూసుకుంది. అక్కడ ఆపేశాను.

"అయ్యో, గిట్ల ఆపుతరా సార్?"

"గెలిచి రండ్రి, చెప్త."

రెండో సగంలో తరిమే వంతు మాది. వాళ్లు అంత వేగంగా తరమడం నేనెన్నడూ చూడలేదు. చివరి విజిల్‌కి మా పాయింట్లు పద్నాలుగు, అవతలివాళ్లవి పదకొండు.