అత్త ముందు నిలబడిన ఆట

మొన్న పేపర్లో ఆడవాళ్ల అంతర్జాతీయ వాలీబాల్ పోటీలకు వచ్చిన దేశాల జట్ల పేర్లు వేశారు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతాను. నోరు తిరగని ఆ పేర్లతో తిప్పలు పడుతుంటే మనవరాలు, "వాళ్లెవరో నీకెందుకవ్వా?" అంది. నాకెందుకా! నేనూ జట్టులో ఆడినదాన్నే.

పంతొమ్మిది వందల యాభైలలో ఆదోని పత్తి మిల్లులో దూది ఏరే పని నాది, మా అత్తదీ. మిషన్ బడి టీచరమ్మ ఒక బంతి తెచ్చి, పని దిగాక మిల్లు ముందరి బయలులో మాకు ఆట నేర్పింది. చీరలు గోచి పోసి కట్టుకుని, రెండు గుంజల మధ్య మోకు కట్టి, ఎవరికి తోచిన చోట వాళ్లం నిలబడి ఆడేవాళ్లం. బస్తాలెత్తిన చేతులు కదా, అత్త కొడితే బంతి పడిన చోట దుమ్ము లేచేది. మిల్లులో మా మీద పెత్తనం చేసే మేస్త్రీకి ఇదంతా గిట్టలేదు. ఎమ్మిగనూరు మగ్గాల ఆడవాళ్లతో పోటీ కుదిరిందని తెలిసి, "ఓడిపోతే బంతి నాకిచ్చేయల్ల. నా బయల్లో ఈ ఎగురుడు మళ్ల ఉండకూడదు" అన్నాడు. "గెలిస్తే నువ్వొచ్చి మాతో ఎగురుతావా అప్పా?" అంది అత్త.

ఎమ్మిగనూరులో రూలు ప్రకారం ఆడాలన్నారు. సర్వీసు మా చేతికొచ్చినప్పుడల్లా అందరం ఒక్కో చోటు జరగాలి. అలా జరుగుతూ నేను వల దగ్గరికి వచ్చాను, అత్త సరిగ్గా నా వెనక. ఆమెకు వీపు తిప్పి నిలబడటం నా కాపురంలో ఎరగను. ఎండ్రకాయలాగా పక్కవాటుగా నిలబడ్డాను. మా ఇద్దరి మధ్యకు బంతి వస్తే, పెద్దామె తీసుకుంటుందిలే అని తప్పుకున్నాను. అది నేలన పడింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పడింది. "కోడలుపిల్ల అత్తకు వడ్డిస్తాంది రోయ్!" అని మగవాళ్లు ఒకటే నవ్వు.

"మ్మేయ్, నా మొగం ఏం సూస్తావు? ఆ పక్కకు తిరుగు! మర్యాద ఇంటికి పోయినంక సేద్దువులే!" అని అత్త అరిచింది.

తిరిగాను. ఈసారి బంతి వస్తుంటే, "వదులత్తా, నాది!" అని గట్టిగా కేక వేశాను. ఆమె చేతులు దించింది. నేను కొట్టిన బంతి వల దాటి అవతల నేలన పడింది. అక్కడినుంచి పాయింటుకు పాయింటు పోరాడాం. అయినా చివరకు ఓడిపోయాం.

బంతి కోసమే ఎమ్మిగనూరు దాకా వచ్చిన మేస్త్రీ చెయ్యి చాచుకుంటూ దగ్గరికి వచ్చాడు. "ఓడినారు గదా. తే ఇట్ల."

బంతి నా చేతుల్లోనే ఉంది. "ఇయ్యను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఓడినామప్పా, సచ్చిపోలేదు" అంది అత్త. అవతలి జట్టు ఆడవాళ్లూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. వాళ్లలో ఒకామె, "ఈసారి మేమే ఆదోనికొస్తాము. బంతి ఈయప్పకిస్తే దేంతో ఆడల్ల?" అంది.

"రేపు మిల్లులోకి యాట్లొస్తారో సూస్తా" అన్నాడు మేస్త్రీ.

"వాకిలి గుండానే వస్తాము" అంది అత్త.

తెల్లవారి అందరం కలిసి వాకిలి గుండానే వెళ్లాం. పత్తి కుప్పలు తెప్పలుగా వచ్చే రోజులు. మమ్మల్ని కాదంటే దూది ఎవరు ఏరుతారు? ఆయన తల తిప్పుకున్నాడు. సాయంత్రం మళ్లీ మోకు కట్టాం.

ఆ తర్వాత కాలం నా దగ్గర చాలా తీసుకుంది, అత్తను కూడా, ఒక్కసారైనా అడగకుండా. ఆ రోజు చెయ్యి చాచి అడిగినవాడికి మాత్రం మేం ఇవ్వలేదు.