కారియర్ కింద గుడ్ల సంచి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వర్క్‌షాపులో ఫిట్టర్‌గా ఇన్నేళ్ళు చేశాను, ఆ కోపంవల్ల మాటలు అన్నాను, పడ్డాను కూడా. సాలీడు మీద కోపం తెచ్చుకున్నది మాత్రం ఒక్కసారే.

మోకాలి నొప్పితో ఆ వానాకాలం సైకిలును పెరట్లో మందార చెట్టుకు ఆనించి వదిలేశాను. సీటుకీ కొమ్మకీ మధ్య ఒక సాలీడు గుండ్రంగా గూడు అల్లుకుంది. వెండి రంగు తల, పసుపు పొట్ట మీద గోధుమరంగు పట్టీలు. కాళ్ళు రెండేసి కలిపి, గుణకారం గుర్తులా చాచి తలకిందులుగా కూర్చునేది. ఆ కాళ్ళ కొసల్లో తెల్లదారంతో వంకరటింకర కుట్టు. పొద్దున్నే టీ గ్లాసుతో దాని ముందు నిలబడడం నాకు అలవాటైంది.

ఒకరోజు గూడు అంచున గోరంత కూడా లేని సాలీడు కనిపించింది. బిడ్డ కాబోలని మురిసిపోయాను. మర్నాటికి పెద్దది దాన్ని దారాల్లో చుట్టి తింటోంది. కన్నబిడ్డను తిన్నదాని ముఖం చూడకూడదనుకున్నాను. ఆ రోజు నుంచి టీ వంటింట్లోనే.

విశ్వకర్మ పూజ వచ్చింది. మురికి పనిముట్టును పూజలో పెడితే మా షాపులో పరువు పోయినట్టే. ఇంట్లో సైకిలుకూ అంతే. ముందురోజు కిరసనాయిలు, గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. గూడు తెంపేస్తే సాలీడు కొమ్మ మీదికి పారిపోయింది. కారియర్ కింద ఆకుపచ్చటి ముద్ద అంటుకుని ఉంది. పాత గ్రీజు అనుకుని గుడ్డ తడిపాను.

“ఆగండి! ఏటి సేస్తన్నారు?” అంటూ మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. “అది గుడ్ల సంచండీ. మొన్ననే కట్టింది, కిటికీలోంచి సూసినాను.”

“బిడ్డను తిన్నదానికి గుడ్లేటి?”

“పిల్లలింకా సంచిలోనే ఉంటే, తిన్నది పిల్లెలాగవుద్ది? అది మొగుడు. మగది అంతే ఉంటాదని మాయమ్మ సెప్పీది.”

సిగ్గేసింది. గుడ్డ పక్కన పడేశాను. ముందు సగం మెరుస్తూ వెనక సగం మట్టితో ఉన్న సైకిలుకే పూజనాడు బొట్టు పెట్టాం.

సాలీడు మళ్ళీ అక్కడే చిన్న గూడు అల్లింది. రోజురోజుకీ దాని పొట్ట ముడుచుకుపోయింది. ఒక పొద్దున చెట్టు కింద చీమల మధ్య పడి ఉంది. మందార మొదట్లోనే పూడ్చాను.

దసరాకి ముందు సంచికి చిల్లు పడింది. ఆవగింజంత కూడా లేని పిల్లలు సీటు మీదికి పాకి, ఒక్కొక్కటీ దారం వదిలి గాలిలో తేలిపోయాయి. టీ చల్లారిపోయినా అక్కడే నిలబడ్డాను. బిడ్డను తిన్నదని నేను ముఖం తిప్పుకున్న ఆ తల్లి, తన బిడ్డల్లో ఒక్కదాన్నీ చూడనేలేదు.