నా తెర మీది తప్పు అంచు

హిందూపురంలో మా ఆఫీసుకు బోర్డు లేదు. కింద టైర్ల దుకాణం, పైన మేము. ఏం పని చేస్తారని ఎవరన్నా అడిగితే కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకోమన్నారు. అది అబద్ధం కాదు గనుక నాకు అభ్యంతరం లేకపోయింది.

ఇంకా బజారుకు రాని వీడియో గేముల్ని ముందుగా ఆడి, వాటిలో తప్పులు పట్టడం ఆ ఆఫీసు పని. నాకప్పటికి నలభై దాటాయి, గేములు ఆడటం చేతకాదు. తెలుగూ కన్నడమూ రెండూ తప్పు లేకుండా చదివి రాయగలనని తీసుకున్నారు. గేములో పాత్రలు పలికే మాటలు ఆ రెండు భాషల్లో సరిగా కుదిరాయో లేదో చూసేవాణ్ణి. పెనుకొండలో పొద్దున రైలెక్కితే ఆఫీసు తెరిచేసరికి అక్కడ ఉండేవాణ్ణి. మా ఊళ్లో స్టేషను దారిలో, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి పోయే కుర్రవాళ్లు బస్సు కోసం గుంపుగా నిలబడి, ఇస్త్రీ చొక్కాతో వచ్చే నన్ను చూసి దారి ఇచ్చేవాళ్లు. ఏ బ్యాంకు ఉద్యోగమో అనుకొని ఉంటారు. నేను కాదనలేదు.

గేము విడుదల కాకముందే దాని బొమ్మో కథో బయటికి పొక్కితే, ఏళ్ల తరబడి వందలమంది చేసిన పని ఒక్క పూటలో చప్పబడిపోతుంది. అందుకని మా గదికి కాపలా గట్టిది. ఫోన్లు బయట అరల్లో పెట్టి తాళం వేయాలి. లోపలి కంప్యూటర్లకు బయటి ఇంటర్నెట్ ఉండదు. ఒకరి తెర ఇంకొకరికి కనపడకుండా మధ్యలో చెక్కలు అడ్డం పెట్టారు. కుర్చీలోంచి లేస్తే తెర మూసే లేవాలి. గేము అసలు పేరు కూడా మాకు చెప్పలేదు. మాకు పైఅధికారిగా ఉండే అమ్మాయిది హిందూపురంలో చింతపండు వ్యాపారం చేసే ఇల్లు. ఆమె ఆ గేముకు ‘చింతపండు’ అని పేరు పెట్టింది. టీ కొట్టు దగ్గర పొరపాటున ఎవరన్నా దాని ఊసెత్తినా, విన్నవాళ్లు సరుకు మంచిచెడ్డలు మాట్లాడుకుంటున్నామని అనుకొనేవారు.

ఇవన్నీ నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోలేనిది ఒక్కటే, తలుపు దగ్గర జేబులు తడమడం.

మాది ఒకప్పుడు ధర్మవరంలో పేరున్న పట్టు ఇల్లు. వీధి పొడుగునా మా మగ్గాలు, తాడిమర్రి దగ్గర మా చేలు. నేను పుట్టేసరికి వాటిలో ఏదీ లేదు. పెనుకొండలో ఒక చిన్న ఇల్లు, నిటారుగా కూచోవడం, ఎవరి ముందూ చెయ్యి చాచకపోవడం, ఇవి నా వంతుకు వచ్చాయి. అటువంటి నన్ను రోజూ తలుపు దగ్గర రెండు చేతులూ పైకెత్తమనేవారు. తడిమి చూసే కాపలా ఆమె తాడిమర్రి పక్క మనిషి. వాళ్ల అత్త మా చేలల్లో వేరుశనక్కాయలు కొట్టిందని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

నా ఇబ్బంది కనిపెట్టిన మేనేజరు ఒకరోజు, పెద్దమనిషి గదా, ఆయన్ని వదిలెయ్యమని ఆమెతో అన్నాడు. నేను ముందుకు నడవబోయాను. ఆమె అడ్డం నిలబడింది.

“అందరినీ చూసి నిన్నొక్కన్ని ఇడిస్తే, రేపు లోపల్ది ఏమన్నా బయటికి పోయిననాడు అందరూ ముందు నీ మొగమే చూస్తారప్పా. నీకది బాగుంటాదా?”

నాకు బాగాలేనిది ఆ చేతులెత్తడం. పెనుకొండలో దర్జీ దగ్గరికి పోయి జేబుల్లేని చొక్కాలు కుట్టించుకున్నాను. ఆయన నమ్మలేక మళ్లీ మళ్లీ అడిగాడు. తడమడానికి జేబే లేకపోతే నన్ను ముట్టుకోనక్కర్లేదని నా ఆలోచన. ఆమె ఆ చొక్కాను ఎగాదిగా చూసింది.

“దర్జీ నీ గుడ్డ మిగిలిచ్చుకున్నట్టుండాడే,” అంటూ మామూలుగానే నడుము చుట్టూ తడిమి లోపలికి పంపింది.

‘చింతపండు’ కథలో నేతవాళ్ల ఊరు ఒకటుంది. ఏ దేశంలోదో చెప్పలేం గానీ, అందులో ఉన్నది మన గుంట మగ్గమే. గీసినవాళ్లు ఎక్కడో చూసి శ్రద్ధగా గీసుకున్నారు. ఆ మగ్గం పక్కనే కథలోని రాణి చనిపోతుంది. ఆడేవాళ్లకు చివరిదాకా తెలియకూడని సంగతి అదే. అందరి కళ్లూ రాణి మీదుంటే, నా కళ్లు మగ్గం మీద సగం నేసిన చీర మీదికి పోయేవి. దానికి రెండు వైపులా గోపురం అంచు. గోపురం అంచంటే, కొనదేలిన ముక్కోణాలు వరసగా చీర లోపలి వైపుకు చూస్తుంటాయి. రెండు అంచుల గోపురాలూ ఎదురెదురుగా ఉండాలి. నా తెర మీద ఒక వైపు సరిగానే ఉంది. రెండో వైపు గోపురాలు బయటికి తిరిగి ఉన్నాయి.

నా పని మాటలు చదవడం, చీరలు చూడటం కాదు. అయినా తప్పును తప్పని రాసి పంపాను. మార్చనక్కర్లేదని మా పైఅధికారి అమ్మాయి తిప్పి పంపింది. ఈసారి నేత సంగతి వివరంగా రాశాను. మళ్లీ అదే జవాబు. ఇక లేచి, తెర మూసి, ఆమె దగ్గరికే పోయాను.

“ధర్మవరంలో ఇట్ల నేస్తే, నేసినోన్ని మగ్గం మీంచి లేపుతారు. నీకు కళ్లు కనపడవా అమ్మా?”

“కనపడతాయన్నా. అట్లే ఉండనీ,” అంది తల ఎత్తకుండా.

చుట్టూ ఉన్నవాళ్లు విన్నారు. వాళ్ల ముందు నా మాట చెల్లలేదు. ఆ తర్వాత చాలా రోజులు నేను ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆమె మాత్రం సాయంత్రమయ్యేసరికి, రైలుకు టైమైందన్నా అని ఎప్పటిలాగే గుర్తుచేసేది.

ఆ పంతంలోనే ఒక ఆదివారం ధర్మవరం పోయాను. మా అక్క భర్తకు అక్కడ చీరల దుకాణం ఉంది. చీర అప్పజెప్పడానికి వచ్చిన ఒక ముసలి నేతగాణ్ణి, ఎందుకో చెప్పకుండా, గోపురాలు బయటికి తిప్పి ఎవరన్నా నేస్తారా అని అడిగాను. తాగినవాడు కూడా అట్లా నేయడని ఆయన నవ్వాడు. నాకు తృప్తిగా అనిపించింది. బావ పక్కనే కూచొని వింటున్నాడు.

“ఏం బామ్మర్దీ, కంప్యూటర్లో చీరలు నేస్తాండావా ఏమి?”

నేను లేచి చెప్పులు తొడుక్కున్నాను. కాదని మాత్రం అనలేదు. బావకు అంతే చాలు.

కొన్ని వారాలకు, రాణి మగ్గం పక్కన పడి ఉన్న బొమ్మ బయటికి వచ్చేసింది. ఎవరో తమ తెరను ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. గేములంటే పడిచచ్చేవాళ్ల ఫోన్లలో అది ఎక్కడెక్కడో తిరిగి బావ ఫోన్‌కూ చేరింది. మగ్గం చూడగానే నా ప్రశ్న గుర్తొచ్చి, ఆయన దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, మా బామ్మర్ది పనిచేసే మగ్గం ఇదే అని కింద రాసుకున్నాడు. గొప్ప చెప్పుకోవడమే ఆయన ఉద్దేశం. మా గదిలో పనిచేసే ఒకతనిది ధర్మవరమే. అతను అది చూసి, నియమం ప్రకారం మా పైఅధికారి అమ్మాయికి చెప్పాడు. చెప్పడం అతని విధి. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

మరునాడు నేను పోయేసరికి నా కంప్యూటర్ ఆపేసి ఉంది. విచారణ కోసం బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. బావ రాసిన మాట చూపించి, ఆయనకు మీరేం చెప్పారని అడిగాడు. నేతగాణ్ణి అడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు చెప్పాను. నమ్మాడో లేదో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. పిలిచేదాకా బయట కూచోమన్నాడు.

బయట అంటే తలుపు పక్కన, కాపలా ఆమె బల్లకు ఎదురుగా, ఒక ప్లాస్టిక్ కుర్చీ. తోటివాళ్లు నన్ను దాటుకొని టీకి పోయారు, వచ్చారు. నా వైపు ఎవరూ చూడలేదు. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాను. దొంగ అనే మాట మోసుకొని పోతే మాత్రం, పెనుకొండలో గానీ ధర్మవరంలో గానీ నేను తలెత్తుకొని నడిచే వీధి మిగలదు. మా ఇంటికి చివరికి మిగిలిన ఆస్తి ఆ పేరొక్కటే. కుర్చీకి వీపు ఆనించకుండా కూచున్నాను.

కూచున్నంతసేపూ మా తాత గుర్తొచ్చాడు. మా ఇల్లు ఎట్లా పడిపోయిందో నేను బయట ఎవరికీ చెప్పలేదు. నాకు అవ్వ చెప్పింది. మా దుకాణానికి డిజైన్లు గీసే ఒకాయన ఉండేవాడు. గళ్ల కాగితం మీద అంచులూ కొంగులూ ఆయన గీసేవాడు, వాటిని చూసి మగ్గాలకు తగిలించే అట్టలకు చిల్లులు గుద్దేవారు. ఒక ఏడు మా కొత్త అంచు మా దుకాణంలోకి రాకముందే మరమగ్గం చీరల మీద అమ్మకానికి వచ్చింది. గీసినవాడే దాన్ని అమ్ముకున్నాడని తాత మధ్యాహ్నం భోజనానికి కూచునేలోగా తేల్చేశాడు. వీధి అంతా చూస్తుండగా ఆయన పంచె మడతలు విప్పించి వెతికించాడు. ఏమీ దొరకలేదు. అయినా పంపేశాడు. ఆయన పోయాక కూడా మా డిజైన్లు బయటికి పోతూనే ఉన్నాయి. ఈరోజు ఆయన్ని అన్నవాళ్లు రేపు తమనూ అంటారని, మంచి నేతగాళ్లు ఒక్కొక్కరే మా మగ్గాలు దిగి వెళ్లిపోయారు. ఆఫీసు తలుపు దగ్గర చేతులెత్తిన ప్రతిసారీ నాకు ఆ పంచె మడతలు కళ్లముందు మెదిలేవి.

మధ్యాహ్నం కాపలా ఆమె టీ తెప్పించి నా చేతికిచ్చింది.

“నిన్ను ఎప్పుడన్నా చూడకుండా పంపినావా అని బెంగళూరాయన నన్నడిగినాడు. ఒక్కనాడు గూడా లేదని చెప్పినా,” అంది. “ఇప్పుడు తెలిసిందా, అప్పుడు ఎందుకు ఇడ్సలేదో?”

టీ తాగాను. ఆమెకు అప్పుడు చెప్పని మాట ఒకటుంది. అదే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఒక్క మొండితనానికి నేను ఆమెకు జీవితాంతం కృతజ్ఞుణ్ణి.

పొద్దు వాలుతుండగా లోపలికి పిలిచారు. బయటికి పోయిన ఫోటోను తెర మీద పెద్దది చేసి పెట్టారు. మా పైఅధికారి అమ్మాయి రాణిని కాకుండా మగ్గాన్ని చూపించి, ఏమన్నా కనపడుతుందా అన్నా అని అడిగింది. చూశాను. రెండు వైపులా గోపురాలు ఎదురెదురుగా, ఉండవలసినట్టే ఉన్నాయి.

“ఇది నా తెర కాదు,” అన్నాను. “నా దాంట్లో అంచు తప్పు.”

ఆమె నా ముందు గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

“ఆ తప్పు గురించి ఎన్నిసార్లు చెప్తివన్నా. నాకు కళ్లు కనపడవని గూడా అంటివి.”

అప్పుడు విప్పి చెప్పారు. ఒక్కొక్కరికి గేము కాపీ ఇచ్చేటప్పుడు, వాళ్లకు తెలియకుండా అందులో ఒక చిన్న తేడా పెడతారు. ఒకరి ప్రతిలో దీపం గూటిలో ఉంటే ఇంకొకరి దాంట్లో నేల మీద ఉంటుంది. ఒకరి దాంట్లో కుండకు మూత ఉండదు. ఫోటో బయటికి పోతే, అది ఎవరి తెర మీదిదో ఆ తేడానే చెబుతుంది. నాకు పెట్టిన గుర్తు తిరగబడ్డ ఆ అంచు. అది పట్టు ఇంటివాడి కళ్లలో పడుతుందని పెట్టినవాళ్లు ఊహించలేదు. ఫోటోలో ఉన్న గుర్తు వేరే దేశంలోని ఇంకో ఆఫీసును చూపించింది. ఆ సంగతి వాళ్లకు ఉదయమే కనపడినా, రూఢి అయ్యేదాకా ఎవరినీ చేశాడని గానీ చేయలేదని గానీ అనకూడదట. బజారులో ప్రశ్నలు అడగడం మాత్రం తప్పని నాకు గట్టిగా చెప్పారు. తల వంచి ఒప్పుకున్నాను. బావ స్టేటస్ తీసేసి, నా మీద అలిగి, పండక్కి మామూలయ్యాడు.

ఆ అమ్మాయి ఒక్క మాటతో నా నోరు మూయించగలిగేది. నీ తప్పు అంచు మేము కావాలని పెట్టిందే అని అంటే, పదిమందిలో నేనే చిన్నబోయేవాణ్ణి. అనలేదు. తనకంటే పెద్దవాడు, కిందివాడు, పదిమందిలో గుడ్డిదానివని అన్నా తల వంచుకొని ఊరుకుంది. ఆ మౌనం వల్లే గుర్తు గుర్తుగా మిగిలి, నా పేరు నిలబెట్టింది. మా తాతకు అటువంటి మనిషి ఒకరు పక్కన ఉండి, మధ్యాహ్నం భోజనం అయ్యేదాకా ఆగమని ఉంటే ఎంత బాగుండేదో.

తర్వాత ఆమె నన్ను చదివే పని నుంచి తప్పించి వేరే పని అడిగింది. తెలిసినవాడి కంటికి తప్పుగా కనపడే గుర్తు దాగదు గదా, అందుకని తప్పు లేకుండా తేడా మాత్రమే ఉండే అంచులు గీసిస్తావా అని. ఆ గదిలోనే కూచొని జ్ఞాపకం నుంచి గీశాను. అవ్వ చీరలవి, అమ్మ చీరలవి, చిన్నప్పుడు పెట్టె అడుగున చూసిన పాత ముక్కలవి. అన్నీ సరైనవే, ఏ రెండూ ఒకటి కావు. ఏ అంచు ఎవరి ప్రతికి పోయిందో నాకు తెలియదు, తెలియకూడదు. గీస్తూ గీస్తూ ఉంటే ఒక సంగతి తోచింది. మా ఇంటివని నేను జీవితమంతా గర్వపడిన ఆ అంచులన్నీ మా తాత పంపేసిన ఆ డిజైన్లాయన గీసినవే.

ఆ గేము వచ్చి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ పద్ధతి మారిపోయిందని, రాసుకోవచ్చని ఆమె చెప్పాకే ఇది రాస్తున్నాను. అప్పుడు మాత్రం ఎవరికీ చెప్పకూడదు. కాబట్టి ధర్మవరంలో ఆయన కొడుకు ఇల్లు వెతుక్కుంటూ పోయి గుమ్మంలో నిలబడినప్పుడు, ఎందుకు వచ్చానో చెప్పే వీలు లేదు. కొడుక్కూ జుట్టు తెల్లబడింది. ఆయనా డిజైన్లే గీస్తాడు, కంప్యూటర్ మీద. నేనెవరో చెప్పాను. చెప్పగలిగింది ఇంకొక్కటే మిగిలింది.

“మీ నాయన్ను మా జేజినాయన ఊరికే అనినాడు. ఆయన ఏ తప్పూ చేయలేదు. అది చెప్పి పోదామని వచ్చినా.”

ఆయన కంప్యూటర్ మీంచి చెయ్యి తీసి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

“తప్పు ఒప్పుకునేకి వచ్చినోడు ఇంత బిర్రుగా నిలబడుకుంటాడా యాడన్నా?” అన్నాడు. “కూచో అబ్బా. కాఫీ తాగి పోదువు.”

కూచున్నాను. ఆ ఇంట్లో కుర్చీకి వీపు ఆనించి కూచున్నాను.