గుమ్మం దాకా వెళ్ళే ప్రకటన

పాండురంగ లెక్కలో కబురు పంపడం వేరు, కబురు చెప్పడం వేరు. పంపిన కబురు దారిలో ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. ఎదుట నిలబడి నోటితో చెప్పిందే చేరుతుంది. ఇలాంటి నమ్మకం ఉన్న మనిషి ఏ బట్టల కొట్టో పెట్టుకుని ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. కానీ అతను కాన్‌బెర్రాలో ఒక యూనివర్సిటీలో, అక్కడున్న వాళ్ళందరికీ ఒకేసారి ఈమెయిల్‌లో ప్రకటనలు పంపే ఆఫీసులో పనిచేస్తున్నాడు.

ఫలానా భవనంలో లిఫ్టు పనిచేయదు, ఫలానా చోట నీళ్ళు రావు, ఫలానా గేటు ముందు కార్లు పెట్టకూడదు. ఇవే అతని రాతలు. ఎంతో శ్రద్ధగా రాస్తాడు, పైకి చదువుకుంటాడు, మీట నొక్కుతాడు. కొన్ని వేల మందికి ఆ ప్రకటన రెప్పపాటులో వెళ్ళిపోతుంది. అప్పుడు పాండురంగ లేచి, కోటు తొడుక్కుని, మఫ్లర్ చుట్టుకుని, అదే సంగతి చెప్పడానికి కాలినడకన బయల్దేరతాడు.

"ఈమెయిల్ వచ్చిందా?"

"వచ్చింది, మేట్."

"చదివారా?"

"ఇంకా లేదు."

"అయితే రానట్టే. శుక్రవారం మీ లిఫ్టు పనిచేయదు."

చదివామన్నవాళ్ళ పని ఇంకా కష్టం. "ఏ లిఫ్టు? ఏ రోజు?" అని అడుగుతాడు. జీవితమంతా ఇతరులకు పరీక్షలు పెట్టిన ప్రొఫెసర్లు తమ గదుల గుమ్మాల్లో నిలబడి, తప్పు జవాబు చెప్పి, తల గోక్కునేవారు.

ఈ జబ్బు అతనికి గుడివాడలో అక్క పెళ్ళప్పుడు పట్టుకుంది. తండ్రికి కాలు బెణకడంతో శుభలేఖలన్నీ పోస్టులో వేశారు. ముహూర్తానికి పెదనాన్న రాలేదు. తలంబ్రాలు అయ్యాక పరిగెత్తుకుంటూ వెళ్ళి చూస్తే, ఆయన పట్టుపంచె కట్టుకుని, శుభలేఖ చేత్తో పట్టుకుని, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "కార్డు వచ్చిందిరా. పిలుపే రాలేదు" అన్నాడు. ఆయన ఇల్లు పెళ్ళిపందిరికి రెండు వీధుల అవతలే. భజంత్రీలు వినబడుతూనే ఉన్నాయట. అది చూసిన కుర్రాడికి పోస్టు మీద నమ్మకం పోయింది. పెద్దయ్యాక అదే అనుమానం ఈమెయిల్ మీదికి మళ్ళింది.

అతని భార్య శ్రీదేవి చైల్డ్‌కేర్‌లో వారానికి మూడు రోజులు పనిచేస్తుంది. మిగతా రోజుల్లో మొగుణ్ణి భరిస్తుంది. ఒకసారి దుకాణంలో ఉన్న మనిషికి ఉప్పు అయిపోయిందని మెసేజ్ పెట్టింది. అతను ఉప్పు లేకుండా వచ్చాడు.

"మెసేజ్ చూడలేదా?"

"చూశాను. అది చెప్పడానికి నువ్వు ఫోనయినా చేస్తావేమోనని ఉప్పు బస్తాల దగ్గరే చాలాసేపు నిలబడ్డాను."

కూతురు స్నేహ పుట్టినరోజుకి తాముండే హారిసన్ పేటలో తెలుగువాళ్ళందరికీ శ్రీదేవి వాట్సాప్‌లో పిలుపు పంపింది. "ఇది పిలుపేనా?" అని పాండురంగ పార్టీ రోజు కారు తీశాడు. ఇంటింటికీ వెళ్ళాడు. వెళ్ళిన ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు. చివరి ఇల్లు మల్లికార్జున వాళ్ళది. అక్కడ తలుపు తాళం వేసి ఉంది. వాళ్ళు అప్పటికే పార్టీకి వెళ్ళిపోయారు. పాండురంగ ఆ గుమ్మం ముందు కూర్చుని వాళ్ళకోసం ఎదురుచూశాడు. ఇక్కడ ఇంట్లో కేకు కోసేశారు.

"డాడ్, సీరియస్లీ? ఎవ్రీవన్ వజ్ హియర్!" అంది స్నేహ.

"అందరూ వచ్చార్లేమ్మా. పిలిచినవాళ్ళు వచ్చారా, పిలవనివాళ్ళు వచ్చారా అన్నది కూడా చూసుకోవాలి కదా."

అన్నిటికన్నా పెద్ద కథ మ్యాగ్‌పై పక్షులది. వసంతకాలంలో అవి గుడ్లు పెట్టుకుని, చెట్టు కిందికి వచ్చినవాళ్ళ నెత్తి మీద పొడుస్తాయి. ఏ చెట్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలో యూనివర్సిటీ ఏటా ప్రకటన ఇస్తుంది. అది పంపాక పాండురంగ గొడుగు పట్టుకుని సరిగ్గా ఆ చెట్టు కిందే నిలబడ్డాడు, వచ్చేపోయేవాళ్ళకు చెప్పడానికి. ఆ సంవత్సరం పక్షి ఇంకెవర్నీ పొడవలేదు. దానికి తీరిక లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాండురంగే సరిపోయాడు. గొడుగు ఊచలు తప్ప ఏమీ మిగల్లేదు. నెత్తిన కట్టుతో ఇంటికొచ్చి, "ఈసారి ప్రకటన అందరికీ చేరింది" అన్నాడు ఎంతో తృప్తిగా.

ఇలా సాగుతుండగా ఆఫీసుకు హెలెన్ అనే కొత్త మేనేజరు వచ్చింది. మంచి మనిషే. కానీ కుర్చీ ఖాళీగా ఉంటే ఊరుకునే రకం కాదు.

"పాండీ, ఎంతమంది ఈమెయిల్ తెరిచారో ఈ స్క్రీను మీదే కనిపిస్తుంది. నువ్వు వెళ్ళి చూడక్కర్లేదు" అంది.

"తెరిచింది కనిపిస్తుంది హెలెన్. విన్నది కనిపించదు."

"ఇది నీకు చెప్పడం మూడోసారి. నెలాఖరుకి నీ కాంట్రాక్టు అయిపోతోంది. మళ్ళీ ఇవ్వాలంటే నేను పైవాళ్ళకి రాయాలి. ఇంకొక్క గుమ్మం ఎక్కావంటే రాయలేను."

ఆ సాయంత్రం పాండురంగ ఈ సంగతిని ఇంట్లో గంభీరంగా, తారీఖుతో సహా ప్రకటించాడు. శ్రీదేవి చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

"యాభై దాటాక కొత్త ఉద్యోగం ఎవరిస్తారండీ? స్నేహది పన్నెండో క్లాసు. ఇప్పుడు ఏ పెర్త్‌కో, బ్రిస్బేన్‌కో మకాం మార్చాలంటే పిల్ల చదువేం కాను? మీ కాళ్ళకు దణ్ణం పెడతాను, వాటిని కాస్త బల్ల కింద పెట్టుకుని కూర్చోండి."

"కూర్చుంటాను" అన్నాడు పాండురంగ.

కూర్చున్నాడు కూడా. లిఫ్టు ఆగింది, వెళ్ళలేదు. నీళ్ళు ఆగాయి, వెళ్ళలేదు. ఉపవాసం ఉన్నవాడిలా మొహం పీక్కుపోయింది. కాళ్ళు మాత్రం బల్ల కింద వాటంతటవే నడిచేవి. పక్క సీటు అమ్మాయి తన బల్ల వణుకుతోందని మరమ్మతుల వాళ్ళను పిలిపించింది.

అంతలో సైరన్ పరీక్ష వచ్చింది. నిప్పంటుకుంటేనో, ఇంకేదైనా ప్రమాదం వస్తేనో మోగే సైరన్ సరిగ్గా ఉందో లేదో అప్పుడప్పుడు మోగించి చూస్తారు. బుధవారం పది గంటలకు అని పాండురంగే రాసి, పంపాడు. సోమవారం రాత్రి భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"శ్రీదేవీ, రేపు నీకు సెలవే కదా?"

"అయితే?"

"ఒకసారి యూనికి వెళ్ళి, మా ప్రొఫెసర్లుండే పాత భవనంలో అందరికీ సైరన్ సంగతి చెప్పి రావాలి."

"నేనా?"

"నన్ను నడవొద్దన్నారు. నిన్ను వద్దనలేదుగా."

"ఈమెయిల్ పంపారుగా?"

"పంపాను. చెప్పలేదు."

"లిఫ్టు సంగతి ఊరుకున్నారు, నీళ్ళ సంగతి ఊరుకున్నారు. ఈ సైరన్‌కి ఏమొచ్చింది?"

పాండురంగ మెతుకులు ఒక్కొక్కటే పళ్ళెం అంచుకి నెట్టాడు.

శ్రీదేవికి భయం వేసింది. కూరలో ఉప్పు తక్కువైతే నాలుగిళ్ళకు చెప్పి వచ్చే మనిషి. తనకు ఎక్కిళ్ళు వస్తే, ఎందుకొచ్చాయో, ఎప్పుడు ఆగుతాయో కూడా ప్రకటించే మనిషి. అలాంటివాడు నోరు మూసుకుని పళ్ళెంలోకి చూస్తున్నాడు.

"ఎవరైనా ముఖ్యమైనవాళ్ళున్నారా అక్కడ?"

"అందరూ ముఖ్యమే. ఏ గుమ్మమూ వదలకు. తలుపు మూసి ఉన్నా తట్టు." పాండురంగ చెవులు ఎర్రబడ్డాయి.

ఉద్యోగం సంగతి అలా ఉంచి, ఇదేమిటో తెలుసుకోకపోతే శ్రీదేవికి నిద్ర పట్టేలా లేదు. మంగళవారం పొద్దున్నే లైట్‌రైల్ ఎక్కింది. ఒకరి గుమ్మానికి ఉత్త చేతులతో వెళ్ళడం బాగుండదని డబ్బా నిండా జంతికలు పట్టుకెళ్ళింది.

"హలో. ఐ యామ్ పాండీస్ వైఫ్. టుమారో టెన్ ఓ క్లాక్, సైరన్. ప్లీజ్ టేక్ వన్ జంతిక."

జనం జంతిక తీసుకున్నారు. సైరన్ సంగతి విన్నారు. తర్వాత ప్రతి గదిలోనూ ఒకే ప్రశ్న. "పాండీకి ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉన్నారు. కూర్చోబెట్టారు" అని చెప్పేది శ్రీదేవి.

పై అంతస్తులో చివరి గది తలుపు తట్టగానే తెరుచుకుంది, అవతలివాళ్ళు తలుపు దగ్గరే నిలబడి ఉన్నట్టు. నెరిసిన జుట్టు, పాత స్వెటరు, పొడుగాటి పెద్దమనిషి. ఆయన పేరూ, ఏ దేశం నుంచి వచ్చాడో ఇక్కడ రాయడం లేదు. పాండురంగ ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది మనం చెప్పడం మర్యాద కాదు.

శ్రీదేవి సైరన్ సంగతి చెప్పింది.

"రేపేనా? పదింటికేనా? మారలేదు కదా?" ఆయన రెండోసారి కూడా చెప్పించుకుని విన్నాడు. ఆ తర్వాతే ఊపిరి వదిలాడు. "మీ ఆయన రాలేదేమిటని నిన్నట్నుంచి చూస్తున్నాను. రోజుకు వంద ఈమెయిల్స్ వస్తాయమ్మా. ఒక్కటి కంటపడకపోతే చాలు, నాకు..."

శ్రీదేవి కదల్లేదు. వెళ్ళిపోవడం మర్యాదని తెలుసు. కాళ్ళు మాత్రం వినలేదు.

"మా ఊళ్ళో సైరన్ మోగిందంటే పైనుంచి బాంబులు పడేవి" అన్నాడాయన. "ఇక్కడ ఉత్త పరీక్షేనని నాకూ తెలుసు. ఒంటికి తెలియదు. కొన్నేళ్ళ కిందట ఒకసారి చెప్పాపెట్టకుండా మోగినప్పుడు నేను ఈ బల్ల కింద ఉన్నాను. ఇంతమందికి పాఠాలు చెప్పే మనిషిని, చెవులు మూసుకుని. అప్పుడే మీ ఆయన ఏదో చెప్పడానికి లోపలికి వచ్చాడు."

"అయ్యో. ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. తను కూడా బల్ల కిందికి దూరాడు. పెన్ను పడిపోయిందని చెప్పి, సైరన్ ఆగేదాకా నా పక్కనే నేల మీద వెతుకుతూ కూర్చున్నాడు. జేబులో రెండు పెన్నులు కనబడుతూనే ఉన్నాయి."

శ్రీదేవికి నవ్వొచ్చింది. కళ్ళు కూడా చెమర్చాయి. ఏది ముందు తుడుచుకోవాలో తెలియక డబ్బా మూత తీసింది.

"ఆ తర్వాత నుంచి ప్రతి పరీక్షకీ ముందు రోజు వస్తాడు. ముందు కింది అంతస్తు గదులన్నీ తడతాడు. ఆ చప్పుడు నాకు వినబడుతుంది. ఒక్కో తలుపే తట్టుకుంటూ ఇక్కడికొస్తాడు. నా ఒక్కడి కోసమే వస్తే నేను సిగ్గుపడతానని, ఇంతమందిని విసిగిస్తున్నాడమ్మా. నాకు తెలుసని అతనికి తెలియదు. తెలియనివ్వకండి."

"చెప్పను" అంది శ్రీదేవి. కడుపులో మాట దాచడం ఆవిడకీ చేతకాదు కాబట్టి, ఆగలేక రెండోది చెప్పేసింది: హెలెన్ నడవొద్దన్న సంగతీ, నెలాఖరు సంగతీ.

"అలాగా" అన్నాడాయన. రెండు జంతికలు తీసుకుని తలుపు వేసుకున్నాడు.

సాయంత్రం శ్రీదేవి ఇంటికి రాగానే పాండురంగ వీధిలోకే ఎదురొచ్చాడు.

"అన్ని గుమ్మాలూ అయ్యాయా?"

"అన్నీ."

"పైన చివరిది?"

"చెప్పాను. రెండు జంతికలు తీసుకున్నారు."

పాండురంగ ఆమె మొహంలోకి అనుమానంగా చూశాడు. శ్రీదేవి చెప్పులు విడిచి, పప్పు పొయ్యి మీద పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఎదురింట్లో అద్దెకు దిగినవాళ్ళ పెద్దబ్బాయి ఏం చదువుతున్నాడో మొదటిరోజే కనుక్కున్న ఆవిడ, ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

బుధవారం సైరన్ మోగింది. ఆ సమయానికి పై అంతస్తు పెద్దమనిషి దూరంగా సరస్సు ఒడ్డున నడుస్తున్నాడు. శుక్రవారం హెలెన్ పిలిచిందని పాండురంగ పొద్దున్నే శ్రీదేవికి ఫోన్ చేశాడు. శ్రీదేవి ఆ రోజంతా చైల్డ్‌కేర్‌లో పిల్లల కోట్లు ఒకరివి ఒకరికి తొడిగింది.

సాయంత్రం పాండురంగ మఫ్లర్ ఎగరేసుకుంటూ వచ్చాడు. స్నేహను గదిలోంచి పిలిచాడు. టీవీ కట్టేయించాడు. ఇద్దర్నీ సోఫాలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడ్డాడు.

"కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళు ఇచ్చారు. అంతేకాదు. ఇకనుంచి సైరన్ పరీక్షకు ముందురోజు అన్ని భవనాల్లోనూ, ప్రతి గుమ్మానికీ మనిషి వెళ్ళి చెప్పి రావాలట. అది నా పనిలో భాగమని రాసి ఇచ్చింది హెలెన్."

"నో వే!" అని స్నేహ తండ్రిని కౌగలించుకుంది.

"ఎందుకు మనసు మార్చుకుందట?" శ్రీదేవి మామూలుగా అడిగింది.

"ఎందుకేమిటి? పంపడం వేరు, చెప్పడం వేరని నేను నెలల తరబడి ఆవిడకి విడమరిచి చెబుతున్నాను కదా. ఇప్పటికి ఎక్కింది. అసలు ఏమీ మాట్లాడలేకపోయిందనుకో. కళ్ళు కూడా కాస్త తడిగా ఉన్నాయి. మనం చెప్పే పద్ధతిలో ఉంటుంది శ్రీదేవీ!"

ఇరవై రెండేళ్ళ కాపురంలో అతని ప్రతి మాటకీ ఎదురు చెప్పిన శ్రీదేవి, ఒక్క క్షణం అతని మొహం చూసింది.

"మరే. మీరు చెబితే ఎవరికైనా ఎక్కాల్సిందే" అంది.

పాండురంగ ఆ మాట మల్లికార్జునకు చెప్పి రావడానికి వెంటనే చెప్పులేసుకున్నాడు.