అరవై ఒక్కరి తరగతి కోసం అద్దంకి ప్రయాణం

చిట్టీ, నీ కాగితం తీసుకుని నీ బడికి వెళ్లొచ్చానమ్మా.

మా అమ్మాయి చిట్టి అద్దంకి దగ్గర పల్లెలో టీచరు. పోయిన వానాకాలం జ్వరంతో మాకు దక్కకుండా పోయింది. దాని పెట్టెలో ఒక కాగితం దొరికింది. వేరే దేశాల్లో పాఠాలు చెప్పే స్నేహితురాళ్లను ఫోన్లో అడిగి రాసుకుంది. ఫిన్లాండ్ అమ్మాయి తరగతిలో పంతొమ్మిది మంది, జపాన్ అమ్మాయి తరగతిలో ముప్పై ముగ్గురు, తన మూడో తరగతిలో అరవై ఒక్కరు. కింద, "రెండు సెక్షన్లు చెయ్యమని మీటింగులో అడగాలి" అని ఉంది. నేను చదివింది ఐదే. కూడబలుక్కుని చదివాను. అది అడగకుండానే పోయింది కదా, నేనే అడుగుతానని బయల్దేరాను.

శనివారం ఆరింటికి ప్రత్తిపాడులో బస్సెక్కి గుంటూరు చేరి, ఏడింటికి అద్దంకి బస్సు పట్టుకున్నాను. డబ్బు తీయబోతే కండక్టరు, "దాచుకోండమ్మా, ఆడవాళ్లకు ఊరికే. ఆధార్ కార్డు చూపిస్తే చాలు" అన్నాడు. "ఇందులో ఉన్నది నేనేనా అని నాకే అనుమానం బాబూ" అంటే బస్సంతా నవ్వింది. పదింటికి దిగాను. అక్కణ్ణించి బడికి షేర్ ఆటో ఇరవై రూపాయలు.

పదకొండింటికి తల్లిదండ్రుల మీటింగు. లేచి కాగితం చదివాను. "గది లేదమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. మిర్చి రైతు ఒకాయన, "ఫిన్లాండ్ లెక్క మనకెందుకు పెద్దమ్మా? ఆ చలికి సగం మంది బడికే రారేమో!" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఆ దేశం సంగతి నాకేం తెలుసు అబ్బాయ్! మిరప కోత తెలుసు. నీ చేలో అరవై మంది కూలీల మీద ఒక్క మేస్త్రిని పెడతావా?"

"అమ్మో! పండుకాయతో పాటు పచ్చికాయా తెంపేస్తారు."

"కాయల మీదున్న శ్రద్ధ కడుపున పుట్టినవాళ్ల మీద లేదా మరి?"

ఆ రైతే లేచాడు. "విరిగిన బల్లలు పడేసిన గదుంది కదా సార్! ఇప్పుడే ఖాళీ చేస్తాం. ఏరా, చూస్తారేంటి, లెగండి!" హెడ్మాస్టరు గారు కూడా మెత్తబడి, ఆఫీసు రాతపనిలో పెట్టిన టీచరమ్మను ఆ గదికి ఇస్తానని అందరి ముందూ పుస్తకంలో రాసి సంతకం పెట్టారు.

మూడింటికల్లా చిట్టి స్థానంలో వచ్చిన టీచరు గదిలో ముప్పై ఒక్కరు, కొత్త గదిలో ముప్పై మంది. కొత్త టీచరమ్మ ఒక్కొక్కరి చేతా పాఠం చదివించింది. చివరి వరసలో పిల్ల లేచి, "టీచర్, నిజంగా నా వంతు వచ్చిందా?" అంది. గట్టిగా చదివింది, వరండా దాకా వినపడింది. గెలిచాం చిట్టీ!

ఏ దేశంలో ఎంతమందో నాకు గుర్తుండదు. ప్రతి పిల్ల గొంతూ టీచరు చెవిన పడితే అది మంచి తరగతి, అంతే. మీరూ మీ పిల్లల బడికి ఇలా అడగడానికి వెళ్తే మీటింగు రోజే వెళ్లండి. ఒక్కరే వెళ్లి అడిగితే మాట గాలికి పోతుంది, పదిమందిలో అడిగితే నిలుస్తుంది. ఉంటాను మరి, వేళకు కడుపు నిండా తినండి.